రెండడుగుల తొట్టిలో రీఫ్: ముందు నీళ్లు, తర్వాత ఎండ, ఆ తర్వాతే చేపలు

(అనంతపురంలో ఇంట్లో చేపలు పెంచేవాళ్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఇళ్లలో ఇప్పటికే రెండడుగుల తొట్టి ఉంది. గప్పీలో, మోలీలో, గోల్డ్‌ఫిష్‌లో తిరుగుతుంటాయి. ఆ తొట్టినే ఉప్పునీటి రీఫ్ తొట్టిగా, అంటే పగడాలు పెరిగే తొట్టిగా మార్చడం ఎట్లా అనేదే ఈ పొద్దు మన సంగతి. చేపల గురించి, పగడాల గురించి తొందరపడి అడగొద్దు, అవి చివర్లో వస్తాయి. ఎక్కువ సేపు నీళ్ల గురించి, ఎండ గురించి మాట్లాడతాను. మన పక్క రీఫ్ తొట్టి చెడిందంటే మూలం వెతికితే ఈ రెండింట్లో ఏదో ఒకటి బయటపడుతుంది.

లెక్కలన్నీ ఒకే కొలతకు చెప్తాను. పొడవు 24 అంగుళాలు, వెడల్పు 12, ఎత్తు 15. అంచు దాకా నింపితే 70 లీటర్లు. రాయి, ఇసుక, పైన వదిలే ఖాళీ పోతే దాదాపు 60 లీటర్ల నీళ్లు. ఇంతకంటే చిన్న తొట్టితో మొదలుపెట్టొద్దు. నీళ్లు తగ్గే కొద్దీ ఉప్పు, వేడి రెండూ గంటల్లో మారిపోతాయి, మీరు చూసేసరికి ఆలస్యమై ఉంటుంది.

పాత తొట్టిలో ఏవి ఉంచుకోవచ్చు? గాజు, థర్మామీటరు, హీటరు, వెనక తగిలించే ఫిల్టరు. అంతే. రంగు గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్కలు, చెక్క మొద్దులు, గులకరాళ్ల కింద పరిచే అండర్‌గ్రావెల్ ప్లేటు అన్నీ తీసేయండి. చెక్క నీళ్లను ఆమ్లం వైపు లాగుతుంది, మనకు కావాల్సింది పీహెచ్ 8.1 నుంచి 8.3. అండర్‌గ్రావెల్ ప్లేటు కింద మురికి చేరి నైట్రేట్ పెరుగుతుంది. తగిలించే ఫిల్టరులో స్పాంజి తీసేసి దూది, కార్బన్ (మలినాలు పీల్చే బొగ్గు) పెట్టండి. దూదిని వారానికి ఒకసారైనా మార్చాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. తెల్ల మచ్చల రోగానికి ఆ తొట్టిలో ఎప్పుడన్నా కాపర్ మందు వేశారా? గుర్తు తెచ్చుకోండి. రాయి, ఇసుక, గులకరాళ్లు కాపర్‌ని పట్టుకుని తర్వాత మెల్లగా వదులుతాయి. చేపలు దాన్ని కొంత ఓర్చుకుంటాయి గానీ రొయ్యలు, నత్తలు, పగడాలు అతి తక్కువ మోతాదుకే చస్తాయి. మందు వేసిన తొట్టి అయితే లోపలి సరుకు మొత్తం పారేయండి. గాజును వెనిగర్‌తో రుద్ది, చాలాసార్లు కడిగి, నిండా నీళ్లు పోసి కొత్త కార్బన్‌తో వారం రోజులు తిప్పి పారబోయండి. అప్పటికీ అనుమానముంటే దాన్ని మంచినీటి తొట్టిగానే ఉంచి రీఫ్‌కి కొత్త గాజు కొనండి. గాజు ఈ మొత్తం ఖర్చులో చిన్న భాగమే.

స్టాండు సంగతి. నీళ్లు, గాజు, రాయి, ఇసుక కలిస్తే 90 కిలోల పైమాటే. ఇనుప స్టాండు అయితే వెల్డింగు అతుకుల దగ్గర రంగు లేచిందేమో చూసి మళ్లీ పూయించండి. ఉప్పు తడి తగిలితే ముందు తుప్పు పట్టేది అక్కడే. మూతలో ఇనుప క్లిప్పులు, స్క్రూలు ఉంటే పీకేయండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వచ్చేట్టు ఉండాలి, అప్పుడు కారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా నేలమీద పడుతుంది. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు) పెట్టించండి. ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది, దీంట్లో రాజీ పడొద్దు.

ఇప్పుడు నీళ్లు. మనది గ్రానైటు నేల. బోరు నీళ్లలో గట్టిదనం, ఫ్లోరైడు, సిలికా ఉంటాయి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) పెడితే చాలా వీధుల్లో 800, 1000 చూపిస్తుంది. ఈ నీళ్లలో సముద్రపు ఉప్పు కలిపితే మొదటి నెలలోనే సిలికా వల్ల గోధుమ రంగు పొర గాజంతా కమ్మేస్తుంది. అందుకని ఆర్వో నీళ్లు కావాలి, ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గింజలు) కూడా కావాలి. ఆర్వో పొర పదింట తొమ్మిది వంతులో, అంతకు కాస్త ఎక్కువో తీసేస్తుంది. 1000 పోస్తే 50 నుంచి 100 మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని సున్నాకు తెచ్చేది రెజిన్.

ఇంట్లో తాగే ఆర్వో మిషను ఉంది కదా, అదే పట్టుకుంటే సరిపోదా అని అడుగుతారు. ఆ మిషన్లలో రుచి కోసం టీడీఎస్ కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది, అది పచ్చి నీళ్లను కొంచెం తిరిగి కలుపుతుంది. తర్వాత మినరల్ క్యాట్రిడ్జి ఉంటుంది. ఈమధ్య వచ్చే కొన్నింట్లో ఆరోగ్యానికి మంచిదని రాగి కలిపే క్యాట్రిడ్జి కూడా పెడుతున్నారు. మనిషికి సరే, రొయ్యకు అది విషం. వాడుకోవాలంటే పొర నుంచి నేరుగా వచ్చే పైపుకు ఒక టీ జాయింటు (మూడు దారులది) వేసి, ఆ నీళ్లను రెజిన్ గుండా పట్టుకోండి. లేదంటే వాటర్ ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్ తెచ్చుకుని, టీడీఎస్ చూసి, కార్బన్ గుండా, ఆ తర్వాత రెజిన్ గుండా పోయండి. నీళ్లు ముందే పలచన కాబట్టి రెజిన్ చాలా రోజులు వస్తుంది. మీటరు సున్నా నుంచి 2, 3కి ఎక్కిందంటే రెజిన్ మార్చే టైము వచ్చినట్టు. మిషను బయటికి తోసే నీళ్లను వృథా చేయొద్దు. బండలు కడగడానికి, బాత్‌రూముకు బాగా పనికొస్తాయి.

ఉప్పు గురించి. అక్వేరియం కోసం చేసిన రీఫ్ సాల్టే కొనాలి.

(సభలో ఒకరు: అన్నా, కల్లుప్పు కూడా సముద్రంలోంచి వచ్చిందే కదా, అదెందుకు పనికిరాదు?)

మంచి ప్రశ్న అడిగినావు తమ్ముడూ. ఉప్పు మడుల్లో సముద్రపు నీళ్లు ఎండే కొద్దీ ఒక్కోటి ఒక్కో దశలో పేరుకుంటాయి. ముందు సున్నం, తర్వాత జిప్సం. కాల్షియం ఆ రెండింటితోనే పోతుంది. ఆ తర్వాత వంట ఉప్పు గడ్డ కడుతుంది, దాన్ని గీరి తీసుకుంటారు. మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలిన చేదు నీళ్లలో ఉండిపోతాయి. అంటే మన చేతికొచ్చే కల్లుప్పు దాదాపు సోడియం క్లోరైడే. కిలో సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, అందులో మెగ్నీషియం 1.3 గ్రాములు, కాల్షియం 0.4 గ్రాములు. తక్కువగా కనిపించినా పగడం బతికేది వాటి మీదే.

కలిపే పద్ధతి: ముందు బకెట్లో సున్నా టీడీఎస్ నీళ్లు పోయండి, పంపు తిప్పండి, తర్వాత ఉప్పు కొంచెం కొంచెంగా వేయండి. ఉప్పు మీద నీళ్లు పోస్తే ఆ చిక్కదనంలో కాల్షియం, కార్బనేట్ కలిసి తెల్లటి సున్నంగా అడుగున దిగిపోతాయి, మళ్లీ కరగవు. ఉప్పులో చెమ్మ ఉంటుంది కాబట్టి లీటరుకు 37 గ్రాముల లెక్క వేసుకోండి, 60 లీటర్లకు 2.2 కిలోలు. ఒక రోజంతా తిరగనిచ్చి కొలవండి. 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) రావాలి, స్పెసిఫిక్ గ్రావిటీలో (మంచినీళ్లతో పోల్చిన సాంద్రతలో) 1.026.

కొలతకు రిఫ్రాక్టోమీటరు (అద్దం మీద చుక్క వేసి, వెలుతురు వంగే తీరును బట్టి ఉప్పు చూపేది) కొనండి. ముల్లు లేచే ప్లాస్టిక్ హైడ్రోమీటరులో ముల్లుకు గాలి బుడగలు అంటుకుంటే ఉప్పు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రిఫ్రాక్టోమీటరును కూడా ఉత్త ఆర్వో నీళ్లతో సున్నాకు పెట్టి వదిలేయొద్దు. మనం కొలిచేది 35 దగ్గర, సరిచూసుకోవాల్సింది కూడా అక్కడే. దానికి ద్రావణం ఇంట్లోనే చేసుకోవచ్చు. బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద మామూలు ఉప్పు 36.5 గ్రాములు, ఆర్వో నీళ్లు 963.5 గ్రాములు తూచి కలపండి. దాన్ని అద్దం మీద వేస్తే సరిగ్గా 35 చూపించాలి. చూపకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తెచ్చుకోండి. సీసాకు మూత బిగించి పెట్టుకుంటే నెలల తరబడి వాడుకోవచ్చు.

ఇసుక, రాయి. పెన్నా ఇసుక, తుంగభద్ర ఇసుక వద్దు, అది సిలికా, మట్టి కూడా ఉంటుంది. అరగొనైట్ ఇసుక (సున్నపు ఇసుక) 7 కిలోలు వేస్తే అంగుళం మందం వస్తుంది. రాయి 5, 6 కిలోలు. అక్వేరియం కోసం తయారుచేసిన పొడి రాయి గానీ, సిరామిక్ రాయి గానీ తీసుకోండి.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద 2001 నుంచి గట్టి పగడాలన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నాయి. నల్ల పగడం, ఆర్గన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్, సముద్రపు గుర్రాలు కూడా. పులి ఉన్న షెడ్యూలే అది. చచ్చిన పగడపు ఎముకకూ అదే చట్టం. ఎవరో సముద్రం నుంచి తెచ్చిన 'లైవ్ రాక్' అని సంచిలో చూపిస్తే ముట్టుకోవద్దు. మనకు సముద్రం అందుబాటులో లేదు గానీ, మనం కొంటేనే అక్కడ పగలగొట్టేవాడికి గిరాకీ.

(సభలో ఒకరు: సార్, మన కడప బండ కూడా సున్నపురాయే కదా. ముక్కలు పేర్చుకుంటే సరిపోదా?)

సున్నపురాయే, కానీ గట్టిగా, పొరలు పొరలుగా ఉంటుంది, లోపల రంధ్రాలు ఉండవు. తొట్టిలో రాయి చేసే పని, చేపల నుంచి వచ్చే అమ్మోనియాను తినే బ్యాక్టీరియాకు ఇల్లు ఇవ్వడం. రంధ్రాలు లేని రాయిని ఎంత పేర్చినా పైపై తలం తప్ప ఇంకేమీ దొరకదు. సున్నం కరిగి కాల్షియం వస్తుందనుకుంటారు, పీహెచ్ 8.2 దగ్గర అది కరగదు. పైగా బండలో ఏ లోహపు చారలుంటాయో చూసి చెప్పలేం. కడప బండకు ఇంకో చోట మంచి పని ఉంది. స్టాండు మీద, తొట్టి కింద ఒక సమతలమైన బండ వేసి, దాని మీద థర్మాకోల్ షీటు పరిచి తొట్టి పెట్టండి. బరువు సమంగా పడుతుంది, ఉప్పునీళ్లు కారినా ప్లైవుడ్డు మాదిరి ఉబ్బదు.

నీళ్లు, రాయి, ఇసుక అయినాయి. ఇప్పుడే చేపలు వేయొద్దు. మంచినీటి తొట్టిలో ఉన్న బ్యాక్టీరియా ఉప్పులోకి ఒక్కసారిగా మారి పని చేయదు, మళ్లీ మొదటి నుంచి పెంచుకోవాలి. సైన్సు సామాన్లు అమ్మే కొట్లో అమ్మోనియం క్లోరైడ్ దొరుకుతుంది. 4 గ్రాములు ఒక లీటరు నీళ్లలో కరిగించి, అందులో 100 మిల్లీలీటర్లు తొట్టిలో పోస్తే 60 లీటర్లకు దాదాపు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. ఉప్పునీటి బ్యాక్టీరియా సీసా ఒకటి కలపండి. లైటు అవసరం లేదు. రెండు రోజులకొకసారి టెస్టు చేయండి. 2 పీపీఎం పోసిన 24 గంటల్లో అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే తొట్టి సిద్ధం. మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది.

మంచినీళ్లలో అమ్మోనియా కాస్త ఉన్నా గోల్డ్‌ఫిష్ బతికింది కదా అనుకోవద్దు. పీహెచ్ 7.2 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం ఒక శాతం. 8.2 దగ్గర అదే ఏడెనిమిది శాతం. టెస్టులో అదే అంకె కనిపించినా చేపకు తగిలే దెబ్బ ఏడు రెట్లు.

ఇక ఎండ. తొట్టి 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తనలో ఉన్న నాచును వదిలేసి తెల్లబడుతుంది. మేలో మన మిద్దె గదుల్లో 36, 37 ఉంటుంది. చాలామంది చిల్లర్ కొనాల్సిందేనని వెనక్కి తగ్గుతారు. కొనగలిగితే మంచిదే. కానీ మన గాలి పొడి గాలి, అది మనకు ఒక వరం. 36 డిగ్రీల గదిలో తేమ 30 శాతం ఉంటే, ఆవిరి వల్ల నీళ్లు చల్లబడగలిగే హద్దు 23 డిగ్రీల దాకా పోతుంది. అదే వేడి మద్రాసులో 60 శాతం తేమతో ఉంటే ఆ హద్దు 29 దగ్గరే ఆగుతుంది. కడవలో నీళ్లు మన ఊర్లో చల్లగా ఉండేది, సముద్రం ఒడ్డున అంత ఉండనిది ఇందుకే.

కాబట్టి గాజు మూత తీసేయండి. 12 వోల్టుల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, నీళ్ల మీద ఏటవాలుగా గాలి తగిలేట్టు బిగించండి. టెంపరేచర్ కంట్రోలర్‌కు కలిపి 26.5 దాటితే తిరిగేట్టు పెట్టండి. లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి తీసుకుపోతాయి. రోజుకు రెండు లీటర్లు ఆవిరైతే రోజంతా 55 వాట్ల వేడి బయటికి తోసినట్టు. హద్దు 23 అన్నాను గానీ లైటు, పంపు, గది గాలి వేడి పెడుతూనే ఉంటాయి కాబట్టి అంత కిందికి రాదు. 27, 28కి వస్తే మెత్తని పగడాలకు సరిపోతుంది. మూత తీస్తే చేపలు దూకుతాయి, గోబీలనే చిన్న చేపలు మరీ. నైలాన్ దోమల జాలీని చట్రానికి బిగించి పైన పెట్టండి. అల్యూమినియం జాలీ వద్దు.

ఫ్యాను పెట్టగానే రెండో సమస్య మొదలవుతుంది. ఆవిరయ్యేది నీరొక్కటే, ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. రెండు లీటర్లు తగ్గితే 35 కాస్తా 36 దాటుతుంది. రెండు రోజులు వదిలేస్తే 37 పైన. తగ్గిన నీళ్లు నింపడానికి ఉప్పునీళ్లు పోస్తే ఇంకా ఎక్కుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. తగ్గినదానికి ఎప్పుడూ సున్నా టీడీఎస్ మంచినీళ్లే. సున్నా అని ఎందుకు పట్టుబడుతున్నానంటే, 100 టీడీఎస్ నీళ్లు రోజుకు రెండు లీటర్లు పోస్తే నెలకు ఆరు గ్రాముల అక్కరలేని సరుకు ఆ 60 లీటర్లలో చేరుతుంది. ఎండాకాలంలో ఆటో టాప్‌అప్ (తగ్గిన నీళ్లు దానంతటదే నింపేది) లేకుండా రీఫ్ పెట్టొద్దు. సెన్సరు, చిన్న పంపు, పక్కన 20 లీటర్ల డబ్బా. వారం గడుస్తుంది.

కరెంటు పోయినప్పుడు ఉప్పునీటి తొట్టికి గండం ఎక్కువ. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 6.7 మాత్రమే. వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. వేవ్‌మేకర్‌ను (తొట్టిలో నీళ్లు తిప్పే పంపును) ఇన్వర్టరు లైనులో పెట్టండి, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి పక్కన ఉంచండి. వేవ్‌మేకర్ గంటకు 1,200 నుంచి 1,800 లీటర్లు తిప్పేది చాలు.

లైటు గురించి ఎక్కువ చెప్పను. నీలం, తెలుపు విడివిడిగా తగ్గించుకోగల రీఫ్ ఎల్ఈడీ, రోజుకు 8 గంటలు. మొదట 30 శాతంతో మొదలుపెట్టి నెల రోజుల్లో పెంచండి. మొదటి రెండు మూడు నెలలు గోధుమ పొర, తర్వాత పచ్చ నాచు వస్తాయి, వచ్చి పోతాయి. భయపడి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు దించే మందులు పోయొద్దు. రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్ అనే జిగురు నాచు వస్తుంది, దాన్ని వదిలించడం చాలా కష్టం. నైట్రేట్ 5 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండనివ్వండి.

ఇప్పుడు చేపలు. ఈ తొట్టికి ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు రెండు, గోబీ ఒకటి. అంతకు మించి వద్దు. బ్లూ టాంగ్ అడుగుతారు, అది అడుగు దాకా పెరిగి ఈదే చేప, ఈ తొట్టిలో దాన్ని పెట్టడం హింస. క్లౌన్‌లు హేచరీలో పుట్టినవి అడగండి. మన దేశంలోనే, తమిళనాడు మండపంలోని సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రంలో వీటిని పుట్టించి పెంచారు. హేచరీ చేప తొట్టి తిండికి అలవాటై వస్తుంది. కొట్లో చాలాసార్లు ఉప్పు తక్కువగా, 1.020 దగ్గర ఉంచుతారు. సంచిలో నీళ్లు కొలిచి, తేడా ఉంటే వేరే తొట్టిలో అదే ఉప్పు దగ్గర దించి రోజుల్లో పెంచండి. ఆ వేరే తొట్టిలోనే నాలుగు వారాలు ఉంచితే రోగాలు అక్కడే బయటపడతాయి. మందు వేయాల్సింది కూడా అక్కడే.

పగడాల్లో మూడో నెల నుంచి మష్రూమ్, జోయాంథస్, లెదర్ లాంటి మెత్తనివి మాత్రమే. పెంచి ముక్కలు చేసినవే కొనండి, బిల్లు అడిగి దాచుకోండి. ఇవి కాల్షియం పెద్దగా తాగవు, వారానికి 6 లీటర్ల నీళ్లు మారిస్తే సరిపోతుంది. ఆల్కలినిటీ (పీహెచ్‌ను నిలబెట్టే కార్బనేట్ బలం) తగ్గితే, 60 లీటర్లకు తినే సోడా 1.8 గ్రాములు వేస్తే ఒక డీకేహెచ్ డిగ్రీ (ఆల్కలినిటీ కొలత) పెరుగుతుంది. బేకింగ్ పౌడర్ వేరు, అది వేయొద్దు. జోయాంథస్‌ను గ్లవ్స్ లేకుండా కోయొద్దు. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టడం మరీ ప్రమాదం, ఆ ఆవిరి పీల్చి మనుషులు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

వానాకాలంలో వీధిలో దోమల ఫాగింగ్ బండి వస్తే కిటికీలు మూయండి, ఎయిర్ పంపు ఆపండి, కొత్త కార్బన్ పెట్టండి. ఇంట్లో దోమల స్ప్రే తొట్టి ఉన్న గదిలో కొట్టొద్దు. ఆ మందులకు రొయ్యలు అన్నింటికంటే ముందు చస్తాయి. మార్చి తీసిన ఉప్పునీళ్లు చెట్ల పాదుల్లో పోయొద్దు, మొక్కా పోతుంది, మట్టీ పాడవుతుంది. మోరీలోనే పోయండి.

(సభలో ఒకరు: అన్నా, పాత చేపలను ఏం చేయాల? అవి ఉప్పుకు అలవాటు పడవా?)

మోలీలు పడతాయి, వారాల మీద మెల్లగా పెంచితే పూర్తి సముద్రపు ఉప్పులో కూడా బతుకుతాయి. గోల్డ్‌ఫిష్, ఏంజెల్, టెట్రా పడవు. మంచినీటి చేప ఒంట్లోకి నీళ్లు చొరబడుతూ ఉంటాయి, అది వాటిని మూత్రంగా తోసేస్తూ ఉంటుంది. ఉప్పులో వేస్తే ఒంట్లో నీళ్లే బయటికి పోతాయి, దాని మూత్రపిండాలు, మొప్పలు ఆ పని కోసం తయారైనవి కావు. తెలిసినవాళ్ల తొట్టికో, కొట్టుకో ఇచ్చేయండి. చెరువులో మాత్రం వదలొద్దు.

(సభలో ఒకరు: పండక్కి నాలుగు రోజులు ఊరికి పోతే ఎట్లా సార్?)

పోయే రోజు టాప్‌అప్ డబ్బా నింపండి, ఫ్యాన్లకు ప్లగ్గు వదులుగా లేదని చూడండి. పెద్ద క్లౌన్‌లు నాలుగు రోజులు తిండి లేకపోయినా ఉంటాయి. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి పోవద్దు, ప్రేమతో ఎక్కువ వేస్తారు, అమ్మోనియా పెరుగుతుంది. ఇవ్వాల్సి వస్తే రోజుకొకటి లెక్కన చిన్న పొట్లాలు కట్టి ఇవ్వండి. ఉప్పునీళ్ల క్యాన్, మంచినీళ్ల క్యాన్ ఒకే రంగువి పెట్టుకోవద్దు. రెండింటి మీదా తెలుగులో పెద్దగా రాసి, టాప్‌అప్‌కు ఏది పోయాలో వాళ్లకు చూపించి పోండి.